నేల చెప్పిన రోజే తెరిచేవాళ్ళం

ఈ మధ్య మా మిషిగన్‌లో గోల్ఫ్ కోర్సులు ఎప్పుడు తెరుస్తారో సంక్రాంతి నాటికే చెప్పేస్తున్నారు. బయట చూస్తే మోకాటి లోతు మంచు. అయినా ఫోన్లో మెసేజీ వస్తుంది: ఏప్రిల్ మొదటి శనివారం ప్రారంభం, ఇప్పుడే టైము బుక్ చేసుకోండి అని. ఆ శనివారానికి గడ్డి బతికి ఉంటుందని ఎవరు చెప్పారయ్యా? మంచు కింద ఏముందో ఒక్కరైనా తవ్వి చూశారా?

మా రోజుల్లో తారీఖు అడిగే అలవాటే లేదు. మార్చి నెలలో క్లబ్బు పెద్దమనిషి ఒకాయన మా షెడ్డు దగ్గరకొచ్చి "గ్రీన్లు ఎలా ఉన్నాయి?" అనేవాడు. గడ్డి బాధ్యత చూసే మా సూపరింటెండెంటు "ఇంకా లేవలేదు" అంటే మారుమాట లేకుండా వెళ్ళిపోయేవాడు. మళ్ళీ వారానికి వచ్చేవాడు. నేల ఊ అన్న రోజున తెరిచేవాళ్ళం. ఒక ఏడు మార్చి చివర, ఇంకో ఏడు ఏప్రిల్ మూడో వారం. దానికి ఎవరూ నొచ్చుకోలేదు.

నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకుని, 1970లలో ఈ దేశం వచ్చి, డెట్రాయిట్ పరిసరాల్లో గడ్డి కోసే పనితో మొదలుపెట్టి, అసిస్టెంట్ సూపరింటెండెంటుగా రిటైరయినవాణ్ణి. వరి, పత్తి, పొగాకు చదివినవాడు గడ్డి కోయడమేమిటని ఇంటి దగ్గర చాలా బాధపడ్డారు. నాకు మాత్రం ఏనాడూ చిన్నతనం అనిపించలేదు. పైరు ఏదైనా పైరే. పైగా ఈ పైరును నాలుగు నెలలు మంచు కింద దాచి, ప్రాణంతో బయటికి తీసి, మనుషులు నడిచే చాప మందాన పెంచాలి. అంతటి కష్టమైన సేద్యం నేను మా జిల్లాలో చూడలేదు.

హైదరాబాదు నుంచి మా బంధువులు ఫోన్ చేస్తే, "మంచు కరిగాక గడ్డి దానంతటదే వస్తుంది గదా, దానికింత హడావుడి ఎందుకు?" అంటారు. గోల్కొండ నయా కిలా దగ్గరున్న గోల్ఫ్ కోర్సును చూసినవాళ్ళకు అలాగే అనిపిస్తుంది. అక్కడుండే గరిక జాతికి ఎండే నేస్తం. ఇక్కడ గ్రీన్ల మీద ఉండేవి వేరే గడ్డులు: మేము కావాలని వేసిన బెంట్, ఎవరూ వేయకుండా తానే వచ్చి చేరిన పోవా. ఒక గోల్ఫ్ కోర్సు నూట యాభై ఎకరాలు ఉంటే అందులో గ్రీన్లు, అంటే బంతిని గుంటలోకి దొర్లించే ఆ నున్నటి జాగాలు, పద్దెనిమిదీ కలిపితే మూడెకరాలు కూడా ఉండవు. ఆ మూడెకరాలు చచ్చిపోతే మిగిలిన నూట నలభై ఏడూ ఉండి లాభం లేదు.

ఇక్కడ ముందు ఒక అపోహ తీర్చాలి. గడ్డిని చంపేది మంచు కాదు. పైన అడుగు మందాన మెత్తటి మంచు ఉంటే కింద నేల వణకదు, ఎండుగాలి తగలదు, గడ్డి సుఖంగా నిద్రపోతుంది. ఇది కొత్త సూపరింటెండెంట్లు చదివే పుస్తకంలో కూడా ఉంటుంది. చంపేది ఐసు. ఫిబ్రవరిలో ఒక్క వెచ్చటి పూట మంచు కరుగుతుంది, కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి నీరు ఇంకదు, పల్లంలో నిలుస్తుంది. రాత్రికి అదే గట్టి పలకగా మారుతుంది. దాని కింద గడ్డికి గాలి ఆడదు. జేమ్స్ బియర్డ్ అనే శాస్త్రవేత్త 1960లలో ఈస్ట్ లాన్సింగ్‌లోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఐసు కింద గడ్డి ఎంతకాలం తట్టుకుంటుందో పరీక్షించాడు. ఐసు కింద నెలన్నర, రెండు నెలలు దాటితే పోవాకు ప్రాణాపాయమే. బెంట్ మూడు నాలుగు నెలలైనా ఓర్చుకుంటుంది.

ఐసు కన్నా పాడుది ఇంకొకటుంది. మార్చిలో నాలుగు రోజులు ఎండ కాస్తే పోవా తొందరపడి మేలుకుంటుంది. ఆకుకూ వేరుకూ మధ్య ఉండే కుదురు నీళ్ళు తాగి ఉబ్బుతుంది. అప్పుడు ఒక్క రాత్రి గట్టి చలి పడిందా, ఆ కుదురులో నీరు గడ్డకట్టి లోపల కణాలన్నీ పగిలిపోతాయి. తెల్లారి చూస్తే పైకి పచ్చగానే ఉంటుంది. చచ్చిన సంగతి పది రోజుల తరవాత గాని తెలియదు. అందుకే మంచు పోగానే పచ్చగా కనిపించిందని సంబరపడి ఫోటోలు పంపేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మా రోజుల్లో అంత దాకా ఆగేవాళ్ళం కాదు. ఫిబ్రవరిలోనే పార, గొడ్డలి తీసుకుని గ్రీన్ మీదికి వెళ్ళేవాళ్ళం. మంచు తోసి, గడ్డకట్టిన నేలను సుత్తీ ఉలీ పెట్టి కొట్టి, అరచేతి వెడల్పు ముక్కలు తీసేవాళ్ళం. ఎత్తు మీద ఒకటి, పల్లంలో ఒకటి, నీడ పట్టున ఒకటి. ఏ ముక్క ఏ గ్రీన్‌లో ఎక్కడిదో చీటీ రాసి, కాఫీ డబ్బాల్లో పెట్టి, షెడ్డులో దక్షిణం కిటికీ కింద వరసగా పేర్చేవాళ్ళం. రోజూ కాసిని నీళ్ళు. వారం పది రోజుల్లో లేచేది లేస్తుంది, లేవనిది గోధుమరంగుకు తిరుగుతుంది. మా ఊళ్ళో రైతు విత్తనాలు చల్లేముందు గుప్పెడు గింజలు తడిగోనెలో మూటకట్టి, ఎన్ని మొలిచాయో లెక్క చూసుకునేవాడు. నాకు ఆ కిటికీ దగ్గర నిలబడినప్పుడల్లా ఆ మూటే గుర్తుకొచ్చేది. మార్చి రాకముందే మాకు ఏ గ్రీన్‌లో ఎంత భాగం పోయిందో తెలిసేది. విత్తనం ఎంత తెప్పించాలో, ఏ గ్రీన్ మూసి ఉంచాలో అప్పుడే తేలిపోయేది.

ఇప్పుడు ఆ కిటికీ కింద చార్జర్లున్నాయి. ముక్కలెందుకు కోయలేదయ్యా అని అడిగితే, డ్రోను పంపి ఫోటోలు తీయిస్తాం అంటారు. డ్రోనుకు రంగు తెలుస్తుంది. ఐసు పలక పగలగొట్టినప్పుడు కుళ్ళిన వాసన ముక్కుకు కొడుతుంది చూడండి, దానికి అది తెలుస్తుందా? ఆ వాసన వచ్చిందంటే కింద గాలి అయిపోయి చాలా రోజులయిందని అర్థం. కుదురును రెండు వేళ్ళ మధ్య నలిపితే గట్టిగా, తెల్లగా ఉందో, మెత్తగా గుజ్జయిందో తెలుస్తుంది. అది ఆకాశం నుంచి కనపడదు. డ్రోను వద్దనను. నేల మీద మోకాళ్ళూనే మనిషి కూడా ఉండాలంటాను.

మంచు తీయడంలో కూడా ఇప్పుడు చేతికి తొందరెక్కువ. ఎండ రాగానే యంత్రం తోలి నల్లటి నేల కనపడేదాకా ఊడ్చేస్తున్నారు. మేము రెండంగుళాలు వదిలేసేవాళ్ళం, మళ్ళీ చలి విరుచుకుపడితే గడ్డికి అడ్డుగా ఉంటుందని. ఐసు మీద ముదురు రంగు ఎరువు పలచగా చల్లేవాళ్ళం. మిల్వాకీ నగరం మురుగునీటి నుంచి తయారుచేసి 1926 నుంచి అమ్ముతున్న మిలోర్గనైట్ ఆ పనికి బాగా పనికొచ్చేది. నల్లటిది ఎండను పట్టుకుంటుంది, చల్లిన చోట ఐసుకు చిల్లులు పడతాయి, అక్కడి నుంచి గాలి లోపలికి దిగుతుంది. ఆ తరవాత అసలు పని: కరిగిన నీటికి దారి చెయ్యడం. గ్రీన్ అంచున మంచు గట్టును పారతో కోసి, నీరు పల్లంలో నిలవకుండా బయటికి పోనిచ్చేవాళ్ళం. ఏ వైపు కోయాలో ఎలా తెలుసంటే, నవంబరు వానల్లో గొడుగు వేసుకుని గ్రీన్ల వెంట తిరిగి, నీరెక్కడ ఆగుతుందో చూసి పుల్లలు గుచ్చి ఉంచేవాళ్ళం గనక.

ఒక్క విషయంలో మాత్రం ఈ రోజులే మేలని గట్టిగా చెబుతాను. మంచు నెలల తరబడి కప్పి ఉంచితే గడ్డికి బూజు పడుతుంది. మంచు పోయాక గుండ్రటి బూడిదరంగు మచ్చలు, వాటి ఆకుల మీద ముదురు గోధుమరంగు చిన్న ఉండలు కనపడతాయి. గులాబీ రంగు బూజు ఇంకొకటి, దానికి మంచు కూడా అక్కర్లేదు, చలి తడి చాలు. పాత రోజుల్లో వీటికి మందు పాదరసం. పాదరసపు పొడిని నవంబరులో గ్రీన్ల మీద చల్లేవాళ్ళు. 1976లో ప్రభుత్వం పాదరసం మందుల్లో చాలావాటిని రద్దు చేసినా, గోల్ఫ్ గ్రీన్ల మంచు బూజుకు మినహాయింపు మిగిల్చింది. 1990ల మొదట్లో గాని అది పూర్తిగా పోలేదు. పాదరసం నేలలోంచి తేలిగ్గా పోయేది కాదు, మనిషి ఒంట్లోంచీ తొందరగా పోయేది కాదు. ఆ డబ్బాలు మోసిన కూలివాళ్ళకు చేతి తొడుగులు ఇవ్వాలన్న ఆలోచన కూడా చాలా చోట్ల లేదు. ఇప్పటి పిల్లలు మాస్కులు, తొడుగులు, లెక్కపుస్తకం లేనిదే మందు ముట్టుకోరు. వాళ్ళకు దణ్ణం పెట్టాలి.

కాని ఆ మచ్చలు చూడగానే కంగారుపడి మళ్ళీ మందు కొట్టించడం ఉంది చూశారూ, అది నాకు నచ్చదు. బూడిద బూజు ఎండ తగలగానే ఆగిపోతుంది. కుదురు బతికి ఉంటే ఆకు మళ్ళీ వస్తుంది. మేము వెదురు గెడతోనో, మెత్తటి దంతెతోనో అట్టకట్టిన ఆకును లేపి, గాలి తగలనిచ్చేవాళ్ళం. అది చేత్తో చేసే పని, నడుము నొప్పి పుట్టే పని. అందుకే ఎవరికీ ఇష్టముండదు.

తరవాత నీళ్ళు. శరదృతువులో కంప్రెసరు పెట్టి గొట్టాలన్నిట్లోంచీ నీరు ఊదేస్తాం, లేకపోతే చలికి పగిలిపోతాయి. వసంతంలో మళ్ళీ నింపాలి. ఈ నింపడమే ఒక విద్య. గొట్టం నిండా గాలి ఉంటుంది. నీటిని ఒక్కసారి తోస్తే ఆ గాలి నొక్కుకుని, ఎక్కడో మూల దగ్గర తుపాకి పేలినట్టు పేలుతుంది. మేము పంపును సన్నగా వదిలి, ఒకరు పంపు దగ్గర, మిగిలినవాళ్ళం కొసల దగ్గర నిలబడేవాళ్ళం. మొదట గాలి బుసకొడుతుంది, తరవాత తుంపర, తరవాత తుప్పు నీళ్ళు, చివరికి తేటనీటి ధార. ధార తేటబడ్డాక ఆ కొస మూసి తరవాతి కొసకు నడిచేవాళ్ళం. అలా పూర్తయ్యేసరికి రెండు రోజులు పట్టేది. మొన్నామధ్య ఒక కోర్సులో కుర్రాడు ఇంట్లోంచి ఫోన్లో బటన్ నొక్కి పంపు ఆన్ చేశాడు. ఫెయిర్‌వే అనే పొడవాటి పచ్చిక మధ్యలో పెద్ద గొట్టం చీలి, తెల్లారేసరికి చెరువయింది. ఫోన్లో నుంచి చేసే సౌకర్యం జూలై నెల రాత్రుళ్ళకు పనికొస్తుంది. ఏటా మొదటిసారి నింపేటప్పుడు మాత్రం మనిషి గొట్టం వెంట నడవాలి.

ఇక నా అసలు కోపం గ్రీన్ల వేగం మీద. ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆయన 1935లో, బంతిని దొర్లించి గ్రీన్ వేగం కొలవడానికి గాడి ఉన్న ఒక కర్ర తయారుచేశాడు. 1970లలో అమెరికా గోల్ఫ్ సంఘం దాన్ని అల్యూమినియంతో చేయించి, దేశమంతటా గ్రీన్లు కొలిస్తే, బంతి సగటున 6.5 అడుగులు దొర్లింది. అది మామూలు గ్రీన్. ఇప్పుడు వారాంతం ఆటగాడు కూడా 11 అడుగులు కావాలంటాడు. అంత దొర్లాలంటే గడ్డిని ఎంత కిందికి కోయాలి? మా పాతవాళ్ళు పావు అంగుళం ఎత్తున కోసేవారు. ఇప్పుడు అంగుళంలో ఎనిమిదో వంతు, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ. అదీ అక్టోబరు చివరిదాకా! చలికాలానికి ముందు గడ్డి ఆకు పెంచుకుని, ఎండను తిని, కుదురులో పిండిపదార్థం దాచుకోవాలి. ఆకే లేకుండా గొరిగేస్తే ఏం దాచుకుంటుంది? ఐసు కింద మూడు నెలలు ఏం తిని బతుకుతుంది? వసంతంలో గ్రీన్ చచ్చిందని వాతావరణాన్ని తిడతారు. చావు అక్టోబరులోనే మొదలైంది. మేము సెప్టెంబరు దాటగానే గడ్డి కోసే మూవరు ఎత్తు పెంచేవాళ్ళం. ఆటగాళ్ళు గొణిగేవారు, మా సూపరింటెండెంటు విననట్టు ఉండేవాడు. ఆయన మాట చెల్లుబడి అయ్యే రోజులవి.

మనుషుల సంగతి కూడా చెప్పాలి. మా షెడ్డులో కార్ల ఫ్యాక్టరీ నుంచి రిటైరయినవాళ్ళు, చుట్టుపక్కల పొలాల కుర్రాళ్ళు ఉండేవారు. నవంబరులో కోర్సు మూసినవాళ్ళే మార్చిలో తెరిచేవాళ్ళు. ఏ పల్లంలో నీరు నిలిచిందో, ఏ వాల్వు బిగువుగా తిరుగుతుందో చేతులకు గుర్తుండేది. ఇప్పుడు ఆ పని ఎక్కువగా మెక్సికో నుంచి సీజను వీసా మీద వచ్చేవాళ్ళ చేతుల్లో ఉంది. వాళ్ళ పనితనానికి పేరు పెట్టనక్కర్లేదు, మూవరు గీత వాళ్ళు తీసినంత తిన్నగా నేను చూడలేదు. కాని చట్టం ప్రకారం ఈ హెచ్-2బి వీసాలు దేశం మొత్తానికి ఏడాదికి 66,000. ఏప్రిల్ నుంచి మొదలయ్యే అర్ధ సంవత్సరానికి అందులో సగం. ఒక్క గోల్ఫ్‌కే కాదు, హోటళ్ళకు, తోటపనికి, చేపల పనికి అందరికీ కలిపి. లాటరీలో పేరు రావాలి. వచ్చినా మనుషులు దిగేసరికి మార్చి దాటిపోతుంది. మంచు కరిగే ఆ మూడు వారాల్లో, అంటే పార పట్టిన చెయ్యి అన్నిటికన్నా అవసరమైన రోజుల్లో, షెడ్డులో ఇద్దరు ముగ్గురు ఉంటారు. అంత మంచి పనివాణ్ణి నవంబరులో పంపేసి, వచ్చే ఏడు వస్తాడో రాడో తెలియకుండా పెట్టుకోవడం వ్యవసాయం కాదు.

ఇప్పుడు మా నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు తెలుగు పిల్లలు చాలామంది గోల్ఫ్ ఆడుతున్నారు. నాకు చాలా సంతోషం. మార్చి నెలాఖరుకే ఫోన్లు మొదలు: "అంకుల్, ఎప్పుడు తెరుస్తారు?" "నీకెందుకు బాబూ తొందర?" అంటే, "ఎండ వచ్చేసిందిగా అంకుల్" అంటారు. పొద్దున్నే గడ్డి మీద ఫ్రాస్ట్, అంటే గడ్డకట్టిన తేమ, ఉంటే ఆట గంటో రెండు గంటలో ఆపుతారు, అందుకు కూడా విసుక్కుంటారు. ఫ్రాస్ట్ పట్టిన ఆకు గాజులాంటిది, అడుగు పడితే లోపల విరిగిపోతుంది. మధ్యాహ్నానికి ఆ మనిషి నడిచిన దారంతా నల్లటి అడుగుల వరసగా తేలుతుంది. ఒకసారి ఒక అబ్బాయిని పిలిచి, అతని అడుగులు అతనికే చూపించాను. పాపం, ముఖం చిన్నబోయింది. ఆ తరవాత ఫ్రాస్ట్ రోజుల్లో తనే నలుగురిని ఆపేవాడు. చెప్పేవాళ్ళుంటే వింటారు. చెప్పే తీరిక ఎవరికీ లేదు.

తొందరకు ఏమవుతుందో 2014 చూపించింది. ఆ చలికాలం డెట్రాయిట్‌లో 94.9 అంగుళాల మంచు పడింది, అంతకు ముందెన్నడూ లేనంత. మా చుట్టుపక్కల, అటు కెనడాలో ఒంటారియో వైపు కూడా, ఎన్నో కోర్సుల్లో పోవా గ్రీన్లు గోధుమరంగు చాపల్లా బయటపడ్డాయి. నాకు తెలిసిన ఒక క్లబ్బులో సగం గ్రీన్లు పోయాయి. సూపరింటెండెంటు కమిటీ ముందు నిలబడి, బెంట్ విత్తనం వేద్దాం, ఇదొక అవకాశం, జూలై దాకా వీటిని ముట్టుకోకండి, పక్కన తాత్కాలికంగా ఆడండి అని బతిమాలాడు. బెంట్ మొలవాలంటే నేల వెచ్చబడాలి. మిషిగన్‌లో అది మే నెల మాట. మొలిచాక కూడా ఆ నూగులాంటి మొక్క మీద మనుషులు నడవడానికి వారాలు ఆగాలి. పోవాకు అవేవీ అక్కర్లేదు. దాని గింజలు ఏళ్ళ తరబడి మట్టిలోనే పడి ఉంటాయి, చల్లటి నేలలోనే మొలుస్తుంది, తొక్కినా లేస్తుంది.

కమిటీ వినలేదు. మే నెలాఖరున వచ్చే మెమోరియల్ డే సెలవులకు అన్ని గ్రీన్లూ తెరవాలన్నారు, సభ్యుల రుసుము వెనక్కివ్వాల్సి వస్తుందన్నారు. తెరిచారు. లేత బెంట్ బూట్ల కింద నలిగిపోయింది. ఖాళీ అయిన ప్రతి చోటా పోవా లేచింది. ఆగస్టుకు గ్రీన్లు మళ్ళీ పచ్చబడ్డాయని కమిటీవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ సూపరింటెండెంటు ఏడాది తిరక్కుండా ఉద్యోగం మానుకున్నాడు. ఆ గ్రీన్లలో ఇవాళ్టికీ ఉన్నది ఆ పోవాయే. రెండు నెలలు ఐసు నిలిచిన ఏడు మొదట పోయేది అదే. ఆ క్లబ్బు ఈ ఏడు కూడా ఏప్రిల్ మొదటి శనివారమేనని జనవరిలో మెసేజీ పంపింది.